లేని దేవుడితో ఈ తగాదా ఎందుకు?

మా బడిలో లెక్కలు చెప్పే మాస్టారు నాకంటే పదేళ్ళు పెద్దవారు. మెత్తని మనిషి. నుదుట విభూతి రేఖ లేకుండా ఆయన బడికి వచ్చిన రోజు నేను చూడలేదు. ఆమధ్య ఒక మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకొని కూచున్న వేళ ఆయన నన్ను అడిగారు: "తెలుగు మాస్టారూ, నేను నమ్మేవాణ్ణి. పొద్దున్నే పది నిమిషాలు దణ్ణం పెట్టుకుంటాను. తరవాత సాయంత్రందాకా దేవుడు నాకు గుర్తుకు రాడు. మీరు నమ్మరు. మీ నోట మాత్రం రోజుకు పదిసార్లు ఆయన పేరు వస్తుంది. లేనివాడితో మీకింత తగాదా ఏమిటండీ?"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ ప్రశ్నను నవ్వి వదిలెయ్యటం సాధ్యం కాలేదు. మన రచయితల్లో చాలామంది ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్ళే. ఎదుర్కొన్న ప్రతివాడూ దేవుడు లేడనటానికి ఋజువుల్లోకి దిగి, అడిగినదానికి జవాబు చెప్పకుండానే గొంతు పెంచి లేచిపోతాడు. ఆయన అడిగింది దేవుడు వున్నాడా లేడా అని కాదు. నమ్మనివాడికి ఆ చర్చలో ఏం పని అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పవలసిన బాధ్యత మనమీద వుంది.

మన పురాణాలు దీనికి ఏనాడో ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నాయి. దాని పేరు వైరభక్తి. వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులు శాపం పొంది, భక్తులుగా ఎక్కువ జన్మలెత్తటంకన్నా శత్రువులుగా మూడు జన్మలెత్తి త్వరగా తిరిగి రావటమే మేలనుకున్నారని కథ. హిరణ్యకశిపుడు, రావణుడు, శిశుపాలుడు అలా వచ్చినవాళ్ళే. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పేదీ ఇదే: భక్తుడి మనసుకన్నా పగవాడి మనసే ఎక్కువగా లగ్నమవుతుందని. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. పొగిడినవాడు భక్తుడు, తిట్టినవాడు మరింత భక్తుడు. ఈ సిద్ధాంతానికి బయట నిలబడటానికి చోటే లేదు. ఊళ్ళో పెద్దమనుషులు నాస్తికుడి వీపు తట్టి "అసలైన భక్తుడు వీడేనండీ" అని నవ్వటంలో వున్నది ఈ తెలివే. కోప్పడ్డామా, మన భక్తి ఇంకో మెట్టు పైకెక్కినట్టు!

అయితే వైరభక్తి సిద్ధాంతం నిలబడాలంటే ఒకటి నిజం కావాలి. తగాదా దేవుడితోనే అయివుండాలి. హిరణ్యకశిపుడి పగ విష్ణువుతోనే, మరెవరితోనూ కాదు. స్తంభాన్ని చూపించి ఇందులో వున్నాడా అని అడిగినవాడికి కావలసింది విష్ణువే. మరి మన సాహిత్యంలో నమ్మనివాళ్ళు, నమ్మకాన్ని ప్రశ్నించినవాళ్ళు నిజంగా ఎవరితో తగాదాపడ్డారు? వాళ్ళు రాసినవి తీసి చూస్తే తెలుస్తుంది.

దానికి ముందు ఒక చిన్న మాట. మన తర్కశాస్త్రంలో లేని వస్తువుకు పాతకాలపు ఉదాహరణ కుందేటి కొమ్ము. కుందేటికి కొమ్ము లేదని ఎవరూ గ్రంథాలు రాయలేదు, సభలు పెట్టలేదు, ఉద్యోగాలు పోగొట్టుకోలేదు. ఎందుకని? కుందేటి కొమ్ము పేరు చెప్పి ఎవరూ ఎవరినీ మంచినీళ్ళ బావి దగ్గరికి రానివ్వకుండా ఆపలేదు కాబట్టి. కుందేటి కొమ్ము పేర ఈనాం భూములు లేవు. భర్త పోయిన ఆడదాని గాజులు పగలగొట్టమని కుందేటి కొమ్ము చెప్పలేదు. లేని వస్తువు గురించి మాట్లాడటం వృథా అనేవాళ్ళు, దాని పేర జరుగుతున్న పనులు వున్నాయా లేవా అన్నది ముందు చూడాలి. దేవుడి ఉనికి వాదంలో తేలేది కాకపోవచ్చు. బావి దగ్గర కాపలా మాత్రం కంటికి కనిపించేదే.

ఇప్పుడు అయోధ్యకాండకు వెళదాం. భరతుడు వచ్చి అన్నను తిరిగి రమ్మని బతిమాలుతున్న సందర్భం. జాబాలి అనే బ్రాహ్మణుడు లేచి రాముడితో వాదిస్తాడు. ఆయన వాదంలో గట్టి ముక్క శ్రాద్ధం గురించి. ఇక్కడ ఒకరు తిన్న అన్నం చచ్చిపోయిన ఇంకొకరి కడుపు నింపేటట్టయితే, ప్రయాణం పోయేవాడికి దారిబత్తెం కట్టటం దేనికి, ఇంట్లోనే ఎవరికైనా పెడితే సరిపోతుంది కదా అంటాడు. దానాలివ్వమనీ, యజ్ఞాలు చెయ్యమనీ చెప్పే గ్రంథాలు జనాన్ని దానాలకు లొంగదీయటానికి తెలివైనవాళ్ళు కల్పించుకున్నవని కూడా అంటాడు. ఆ వాదమంతా అన్నం గురించి, ఖర్చు గురించి, రాజ్యం గురించి. దేవుడి ఉనికి గురించిన తర్కం అందులో దాదాపు లేదు. రాముడికి కోపం వస్తుంది. జాబాలి వెంటనే వెనక్కి తగ్గి, తాను నాస్తికుణ్ణి కాననీ, రాముణ్ణి వెనక్కి తీసుకుపోవటానికి సమయానుకూలంగా అలా అన్నాననీ సర్దుకుంటాడు. ఈ సర్దుబాటు నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. కవి ఆ వాదాన్ని అంత బలంగా ఎందుకు వినిపించాడు, వినిపించినవాడి చేతనే ఎందుకు వెనక్కి తీయించాడు? ఆ వాదం అప్పటికే జనం నోట వుండివుంటుంది. వదిలెయ్యటానికి వీల్లేదు, నిలబడనివ్వటానికీ వీల్లేదు.

శాంతిపర్వంలో చార్వాకుడి కథ ఇంకా కటువుగా వుంటుంది. యుద్ధం గెలిచి ధర్మరాజు హస్తినాపురం ప్రవేశిస్తున్నాడు. వేల బ్రాహ్మణులు ఆశీర్వదిస్తున్నారు. ఒకడు లేచి, జ్ఞాతుల్ని చంపుకొన్న రాజు రాజా, నీ బతుకెందుకు అని అడుగుతాడు. వాడు బ్రాహ్మణవేషంలో వున్న రాక్షసుడనీ, దుర్యోధనుడి మిత్రుడనీ చెప్పి, బ్రాహ్మణులు హుంకారంతోనే వాణ్ణి కాల్చి బూడిద చేశారు. చార్వాకుడి పేరు మోసిన ఈ పాత్ర దేవుడు లేడన్నాడా? పరలోకం లేదన్నాడా? అన్నది ఒక్కటే, ఇంత నెత్తురు పారించి పట్టాభిషేకం ఏమిటని. అప్పటికి ధర్మరాజు మనసులో మెదులుతున్న మాట కూడా అదే. రాజు సభలో ఆ మాట పైకి అన్నందుకు చార్వాకుడు కాలిపోయాడు.

కాల్చింది మనిషినే కాదు. లోకాయతుల గ్రంథాలు మనకు దక్కలేదు. వాళ్ళేమన్నారో తెలుసుకోవాలంటే వాళ్ళను ఖండించినవాళ్ళ పుస్తకాలే దిక్కు. 14వ శతాబ్దపు మాధవాచార్యుడి సర్వదర్శన సంగ్రహం చార్వాక దర్శనంతో మొదలవుతుంది, మొదలుపెట్టేది దాన్ని దాటి పోవటానికి. వాళ్ళ పక్షాన నిలిచిన ఒకే ఒక్క గ్రంథంగా చాలామంది లెక్కించే జయరాశి భట్టు తత్వోపప్లవసింహం అచ్చయింది 1940లో, బరోడా నుంచి. దేవీప్రసాద్ చటోపాధ్యాయ 1959లో లోకాయత రాసినప్పుడు ఆయన చెయ్యవలసి వచ్చిన పని, శత్రువు సాక్ష్యంలోంచి ముద్దాయి వాఙ్మూలాన్ని వెతికి తీయటం. అప్పు చేసి నెయ్యి తాగమన్నవాళ్ళుగా తప్ప లోకానికి తెలియకుండా పోయిన మనుషుల తరఫున ఒక పుస్తకానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది. నమ్మనివాడు చర్చలో ఎందుకు పాల్గొంటాడన్నదానికి ఇక్కడొక జవాబు దొరుకుతుంది. తాను మాట్లాడకపోతే తన మాటలు ఎదుటివాడు రాస్తాడు. నార్ల వెంకటేశ్వరరావు గారు జాబాలి పేరుతోనే నాటకం రాయటంలో వున్న ఉద్దేశం అర్థం చేసుకోవటానికి ఈ చరిత్ర అవసరం. వెనక్కి తీసుకున్న మాటను ఆయన జాబాలికి తిరిగి ఇచ్చారు.

మన కాలానికి దగ్గరగా వస్తే మొదట తలుచుకోవలసినవారు కవిరాజు త్రిపురనేని రామస్వామి. 1887లో కృష్ణాజిల్లా అంగలూరులో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, తెనాలిలో స్థిరపడి 1943లో కన్నుమూశారు. శంబుకవధ 1920 నాటిది. ఉత్తరకాండలో శంబుకుడు తపస్సు చేస్తున్న శూద్రుడు. అతను తపస్సు చేయటంవల్ల ఒక బ్రాహ్మణ బాలుడు చనిపోయాడట, శంబుకుడి తల తెగగానే వాడు లేచి కూచున్నాడట. రామస్వామి గారి నాటకంలో తగాదా తపస్సు ఫలిస్తుందా లేదా అని కాదు. తపస్సు చేసే హక్కు ఎవరిదని. అంటే చదువుకునే హక్కు ఎవరిదని. 1920 నాటి తెలుగుదేశంలో ఇది పురాణకాలపు ప్రశ్న కానేకాదు.

ఆయన చేసిన మరో పనిని మన విమర్శకులు తక్కువగా పట్టించుకున్నారు. వివాహవిధి. సంస్కృత మంత్రాలు వద్దని ఊరుకోకుండా, వధూవరులకు అర్థమయ్యే తెలుగులో పెళ్ళితంతు రాసి, తానే పురోహితుడుగా కూచొని పెళ్ళిళ్ళు చేయించారు. ఎగతాళికి సూతపురాణం రాసిన చేత్తోనే పెళ్ళికి కావలసిన మాటలూ రాశారు. సూతపురాణం చదివి నవ్వినవాడి ఇంట్లో కూడా కూతురి పెళ్ళికి ఏవో కొన్ని మాటలు కావాలని ఆయనకు తెలుసు. తెనాలి పురపాలక సంఘ అధ్యక్షుడుగా గంగానమ్మకు బలులు ఆపించింది కూడా ఈయనే.

ఆ ఉద్యమానికి హద్దులున్నాయి. బ్రాహ్మణాధిక్యాన్ని ఎదిరించిన రైతుకులాల విద్యావంతులు తమ పొలంలో పనిచేసే మాలమాదిగల దాకా ఆ తర్కాన్ని పొడిగించలేదు. శంబుకుడికి కన్నీరు కార్చినవాళ్ళ ఇళ్ళలో వాళ్ళ పాలేళ్ళకు వేరే గిన్నె వుండేది. ఆ ఖాళీని చూపించటానికి జాషువ గారు రావలసి వచ్చింది. జాషువ నాస్తికుడు కారు. గబ్బిలం (1941)లో అరుంధతీ సుతుడు కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపుకుంటాడు, మేఘంతోనో హంసతోనో కాదు, గబ్బిలంతో. గబ్బిలానికి గుళ్ళోకి ప్రవేశం వుంది, మనిషికి లేదు. నమ్మినవాడి నోటినుంచి వచ్చిన ఈ మాట నమ్మనివాళ్ళ గ్రంథాలు కొన్నింటికన్నా లోతుగా తగిలింది. నమ్మకం, అపనమ్మకం అనే గీత మనం అనుకున్నంత ముఖ్యమైనది కాదని గబ్బిలం చదివిన ప్రతిసారీ నాకనిపిస్తుంది.

గోరా గారి విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం అధ్యాపకులు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు వచ్చింది. సరస్వతీ గోరా గారు గర్భిణిగా వుండి గ్రహణం వేళ బయటకు వచ్చి నిలబడ్డారు. గ్రహణంమొర్రి భయంతో చీకటి గదుల్లో కదలకుండా పడుకున్న ఆడవాళ్ళకు ఏ ఉపన్యాసం చెప్పలేని సంగతి అది చెప్పింది. నిప్పుల గుండం తొక్కటం, పున్నమి రాత్రుల సహపంక్తి భోజనాలు, ఇవన్నీ వాళ్ళ చర్చలే. నోటితో చేసిన చర్చలు కావు, అంతే తేడా.

1944 తరవాత గోరా గాంధీతో జరిపిన సంభాషణలు 1951లో పుస్తకంగా వచ్చాయి. పరమ భక్తుడు, పరమ నాస్తికుడు. ఒకరినొకరు మార్చుకోవటానికి కూచున్నారనుకుంటే ఆ పుస్తకం అర్థం కాదు. వాళ్ళను దగ్గరకు చేర్చింది అంటరానితనం. గోరా గారి పెద్ద కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్ళి సేవాగ్రామ్‌లో జరగాలనుకున్నప్పుడు, ప్రమాణంలో దేవుడి మాట చోట సత్యం అనే మాట వాడటానికి గాంధీ ఒప్పుకున్నారు. దేవుడే సత్యం అనే తన పాత మాటను తిరగేసి సత్యమే దేవుడని 1931 నాటికే అన్న మనిషి ఆయన. పెళ్ళినాటికి గాంధీ లేరు. 1948 మార్చి 13న ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. దేవుడి ఉనికి గురించి గోరా గాంధీని ఒప్పించలేదు, గాంధీ గోరాను ఒప్పించలేదు. ఒక పిల్లా ఒక పిల్లవాడూ కులం దాటి పెళ్ళి చేసుకున్నారు. చర్చ ఫలించటమంటే ఇది కాక మరేమిటి?

రంగనాయకమ్మ గారి రామాయణ విషవృక్షం 1974 నుంచి 1976 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది. వాల్మీకిని కథ కథగా చెబుతూ, ఎక్కడికక్కడ నిలదీస్తూ సాగిన రచన. దాని చుట్టూ ఏళ్ళ తరబడి నడిచిన వాదోపవాదాల్లో ఒకటి మన శిబిరంలోనిదే. ప్రాచీన కావ్యాన్ని ఈనాటి విలువలతో తూచటం చారిత్రక దృష్టికి విరుద్ధమని కొందరన్నారు. కోశాంబీ మిథ్ అండ్ రియాలిటీ (1962)లో గీతను పరిశీలించిన పద్ధతి వాళ్ళకు ఆదర్శం. గీత ఏ సమాజానికి, ఏ అవసరానికి ఉపయోగపడింది, పరస్పరం పొసగని మనుషులు అందరూ అదే పుస్తకంలో తమ దారి ఎలా చూసుకోగలిగారు అన్నది కోశాంబీ వేసిన ప్రశ్న. అది విలువైన పద్ధతి. నేనూ విద్యార్థులకు అదే ముందు చెబుతాను.

కాని ఒక సంగతి మరిచిపోకూడదు. రామాయణం క్రీస్తుపూర్వపు సమాజంలో ఆగిపోయిన పుస్తకం కాదు. నిన్న మా వీధిలో ఒక తల్లి అత్తారింటికి పోతున్న కూతురికి సీతలా సర్దుకుపొమ్మని చెప్పింది. ఆ పిల్లకు మనం వెళ్ళి, సీత కాలం నాటి ఉత్పత్తి సంబంధాలు అటువంటివమ్మా అని చెబితే సరిపోతుందా? ఈనాటి ఇంట్లో చట్టంగా పనిచేస్తున్న పుస్తకాన్ని ఈనాటి విలువలతోనే నిలదీయాలి. ఆ విషయంలో నా ఓటు రంగనాయకమ్మ గారికే. ఆ రచనలో వెటకారం కొన్నిచోట్ల పాత్రల్ని మరీ పలచబరిచిందన్నది వేరే సంగతి, దాన్ని దాచనక్కరలేదు. 1981లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ప్రకటించిన నార్ల గారి సీతజోస్యం ఇదే పనిని వేరే దారిలో చేసింది. వైరం లేని రాక్షసుల్ని చంపటం తగదని అరణ్యకాండలో సీత రాముడికి చెప్పిన మాట వాల్మీకిలోనే వుంది. నార్ల గారు దాన్ని నాటకానికి వెన్నెముక చేశారు. ఎవరి అడవి, ఎవరి యజ్ఞం, ఎవరు రాక్షసులు అన్న ప్రశ్న అక్కడినుంచి లేస్తుంది. అడవుల గురించిన ఆ ప్రశ్న పాతబడిందని ఎవరూ అనలేరు.

ఇంతమందిలో ఒక్కరి తగాదా కూడా విష్ణువుతో కాదు. పిండం, నెత్తురు, చదువు, పెళ్ళి, బావి, ఆడదాని నోరు. హిరణ్యకశిపుడు మన పూర్వీకుడు కాడు.

అయితే మనలో హిరణ్యకశిపులు లేరా? వున్నారు. స్తంభాలు పగలగొట్టటమే హేతువాదమనుకొని, నమ్మేవాడు మూర్ఖుడన్న ఒక్క ముక్కను పదేసి పేజీలు తిప్పి రాసే కరపత్రాలు మనకు కొత్త కాదు. అవి చదివి మారినవాణ్ణి నేను చూడలేదు. మతాన్ని మత్తుమందుతో పోల్చిన పేరాలోనే మార్క్స్ అది అణగారినవాళ్ళ నిట్టూర్పనీ, నిజమైన బాధకు నిరసన కూడా అనీ అన్నారు. మనవాళ్ళు మత్తుమందు వరకు చదివి పుస్తకం మూశారు. ఇంకొక రకం మిత్రులు, ఆర్థిక సంబంధాలు మారితే మతం దానంతటదే రాలిపోతుంది, దాని జోలికి పోయి జనాన్ని దూరం చేసుకోవటం దేనికని మౌనం పాటించారు. ఉత్సవాలకు చందా ఇచ్చి, రశీదు జేబులో పెట్టుకొని, సభలో భౌతికవాదం మీద ఉపన్యాసం ఇచ్చారు. మొదటివాళ్ళు దేవుడితో మాట్లాడారు, రెండవవాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇది ఇతరుల గురించే చెబితే న్యాయం కాదు. మా అమ్మ పోయినప్పుడు నేను కర్మ చెయ్యనన్నాను. చుట్టాలు గొడవపడ్డారు. అప్పటికి నా వయసు ముప్ఫై లోపు, జాబాలి వాదం నాలుక చివర వుంది. ఆ పిండం ఎవరు తింటారని మా పెదనాన్నను అడిగాను. ఆయన చదువుకున్న మనిషి కాదు. అరుగుమీద కూచొని చుట్ట కాలుస్తూ నెమ్మదిగా అన్నాడు: "ఒరే, అది మీ అమ్మకు చేరదని నాకు తెలీదట్రా? కాకులు తింటాయి. పోయిన రోజు నుంచీ ఈ గుమ్మంలో ఊరు ఊరంతా వచ్చి కూచుంటోంది. నువ్వొక్కడివే ఏడవకూడదని కూచుంటోంది. ఇది తీసేస్తానంటున్నావు. తియ్యి. దీని చోట ఏం పెడతావో చెప్పు, నేనే ముందు నిలబడతా." నేను చెప్పలేకపోయాను. తమ్ముడు కర్మ చేశాడు. నేను పక్కన కూచున్నాను. రామస్వామి గారు వివాహవిధి ఎందుకు రాశారో నాకు అర్థమైంది ఎం.ఏ. క్లాసులో కాదు, ఆ రోజు.

కాని కథ అక్కడితో అయిపోలేదు. చాలా ఏళ్ళ తరవాత ఒక రాత్రి హఠాత్తుగా ఇంకొకటి గుర్తుకు వచ్చింది. మా పొలంలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి, మా అమ్మను ఎడ్లబండి మీద ఆసుపత్రికి తోలుకుపోయిన మనిషి, ఆ పదకొండు రోజులూ పందిరి బయట వేపచెట్టు కిందే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు, నేను కూడా. ఊరంతా అని పెదనాన్న అన్న లెక్కలో అతను లేడు. ఆ రోజు పిండం గురించి అడిగే బదులు అతని గురించి అడిగివుంటే పెదనాన్న ఏమనేవాడో! ఆయన ఇప్పుడు లేడు. కాకులు తినే అన్నం మీద వాదించి ఓడిపోయాను, పందిరి బయట నిలబడ్డవాణ్ణి చూడలేదు. మిగిలిపోయిన ఆ వాదాన్నే నేను ఇవాళ్టికీ స్టాఫ్ రూములో, తరగతి గదిలో, ఈ పత్రికలో చేస్తున్నానేమో.

మీకు నమ్మకం లేకపోతే మానెయ్యండి, మమ్మల్ని మా దారిన వదలండి అనేవాళ్ళకు ఒక వాస్తవం చెప్పాలి. మానేసినా వదలదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతస్థులు కానివారికందరికీ వర్తించేలా రాసి వుంది. నేను దేవుణ్ణి నమ్మనని అరిచి చెప్పినా చట్టం దృష్టిలో ఆ గొడుగు కిందివాణ్ణే. బిడ్డ జనన పత్రానికి పెట్టుకునే దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అనే గడి వుండాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పిందంటే, దానికోసం ఒక జంట కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. వైజ్ఞానిక దృష్టి పెంపొందించటం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. మతభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచటం నేరమని 1927లో వచ్చిన 295ఎ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా కొనసాగుతోంది. విధి నిర్వహించబోయినవాడు నేరంలో పడకుండా నడవవలసిన దారి చాలా సన్నం.

చట్టం కన్నా ముందు తుపాకీ వచ్చిన సందర్భాలూ వున్నాయి. నరేంద్ర దభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణెలో, గోవింద్ పన్సారే 2015 ఫిబ్రవరిలో కొల్హాపూర్‌లో, ఎం.ఎం. కల్బుర్గి అదే ఏడాది ఆగస్టులో ధార్వాడలో, గౌరీ లంకేశ్ 2017 సెప్టెంబరులో బెంగుళూరులో. వీళ్ళు చేస్తున్న పనులు తలుచుకోండి. దభోల్కర్ పోరాడింది చేతబడి, దొంగబాబాల దోపిడీలకు వ్యతిరేకంగా చట్టం కోసం. ఆయన చనిపోయిన తరవాతే ఆ చట్టం ఆర్డినెన్సుగా వచ్చింది. పన్సారే శివాజీ మీద చిన్న పుస్తకం రాసి, ఆయన రైతుల రాజని చెప్పారు. కల్బుర్గి కన్నడ వచన సాహిత్య పరిశోధకులు, మనలాంటి భాషాధ్యాపకులు. శాంతిపర్వంలో హుంకారం ఎవరిమీద పనిచేసిందో ఇప్పుడు మళ్ళీ చదివితే అది పాత కథలా అనిపించదు.

సాహిత్య విద్యార్థులు తరచు అడిగే మరో ప్రశ్న వుంది. నమ్మనివాడు భక్తి కవిత్వాన్ని ఎలా చదవాలి? నేను ప్రతి ఏడూ గజేంద్రమోక్షం చెబుతాను. అష్టమ స్కంధంలో, మొసలి నోట కాలు చిక్కి బలం తగ్గిపోతున్న ఏనుగు, దిక్కులేనివాళ్ళ పక్షాన వుంటాడని లోకం చెప్పే ఆ ఒక్కడు నిజంగా వున్నాడా అని సందేహించే పద్యం వుంది. పరమ భాగవతుడైన పోతన ఆ సందేహాన్ని దాటవెయ్యలేదు. ఏనుగు చేత పైకి అనిపించాడు. నమ్మకం లేనివాణ్ణి కాబట్టి ఆ పద్యాన్ని నేను పొడిగా చదువుతానని పిల్లలు అనుకుంటారు. నా గొంతు గద్గదమయ్యేది అక్కడే. మొసలి నిజం, నొప్పి నిజం, పిలుపు నిజం. పిలుపు అందుకునేవాడి గురించి మాత్రమే మాకు అభిప్రాయభేదం. కిందటేడు పదో తరగతి పిల్ల ఒకతె లేచి, "మాస్టారూ, ఏనుగును బయటికి లాగటానికి మిగతా ఏనుగులు ఎందుకు రాలేదండీ?" అని అడిగింది. అవి సాయం చెయ్యలేక, విడిచి పోనూలేక చూస్తూ వుండిపోయాయని మూలంలో వున్న సంగతి చెప్పాను. ఆ పిల్ల తృప్తిపడినట్టు కనిపించలేదు. నేనూ పడలేదు.

ఈ వ్యాసంలోని సంగతులు కొన్ని లెక్కల మాస్టారికి నోటితోనే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. బావి దగ్గర కాపలా పెట్టింది మనుషులు, దేవుడు కాదు కదా అన్నారు. నేనూ అదే అంటున్నానన్నాను. అయితే తగాదా మనుషులతో పెట్టుకోండి, ఆయన్ని మధ్యకు లాగకండి అన్నారు. లాగింది నేను కాదన్నాను. గంట కొట్టారు. మర్నాడు నార్ల గారి జాబాలి అడిగి పట్టుకుపోయారు. మూడు వారాలకు తిరిగి ఇచ్చారు. పేజీ పేజీకీ మార్జిన్‌లో పెన్సిలుతో, లెక్కల నోట్సులు దిద్దే గుండ్రటి దస్తూరీతో, ఆయన అభ్యంతరాలున్నాయి. రెండుచోట్ల మాత్రం ఏమీ రాయకుండా నిలువుగా గీత గీసి వదిలారు. ఆ రెండూ శ్రాద్ధం గురించిన చోట్లు. వాళ్ళ నాన్నగారి తద్దినం వచ్చే నెలలోనే. ఆ గీతల సంగతి ఆయన్ని ఇంకా అడగలేదు.